చముద్రం పిల్ల

మా అమ్మమ్మకీ, అమ్మకీ, నాకూ ఒకటే జబ్బు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, వాళ్ళ మాటలో ఎక్కడ సందు దొరుకుతుందా అని చూస్తాం. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళకి అది జబ్బు కాదు, కాలక్షేపం అంటారు మావాళ్ళు. మా నాన్నకి రేవులో గుమస్తా ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో దిగేనాటికి నాకు పదేళ్ళు. దిగిన వారంలోపే మా అమ్మ పాలబ్బాయినీ, కూరలమ్మాయినీ, పక్కింటావిణ్ణీ అనుకరించి చూపించేది. గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని 'ఏటి సేత్తన్నావే గుంటా' అని సాగదీస్తే మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ నవ్వులోనే పెరిగాను నేను. తరవాత నన్నేదో మంచిదాన్ననుకుని మోసపోతారని ముందే చెప్పేస్తున్నాను.

నాకు బొమ్మలు వేయడం ఎవరూ నేర్పలేదు. నాన్న ఆఫీసు నుంచి తెచ్చే వాడేసిన కాగితాల వెనకవైపు ఓడలూ, క్రేన్లూ వేస్తూ చెయ్యి తిరిగింది. డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఊళ్ళో ఒక చిన్న వారపత్రిక ఉండేది. దాని ఎడిటరుగారు కృష్ణాజిల్లా మనిషి. నశ్యం పీల్చి, తుమ్మి, ఆ తరవాతే ఏ సంగతైనా తేల్చేవారు. నా బొమ్మలు చూసి, తుమ్మి, 'మగ వీరులు ప్రతి పత్రికలోనూ ఉన్నారమ్మాయ్, ఒక ఆడవీరురాల్ని వెయ్యి, వారానికి నాలుగు పేజీలు ఇస్తాను' అన్నారు. అలా పుట్టింది ఆ పిల్ల.

తుఫాన్లో పుట్టిందని రాశాను. నీళ్ళలో గంటసేపు ఊపిరి బిగబట్టి ఉండగలదు. ఓడని మోకు పట్టుకుని ఒడ్డుకి లాగగలదు. తూరుపు గాలి వీస్తే ఎగరగలదు. చీర కట్టించి వేస్తే, ఎగిరేటప్పుడు కుచ్చిళ్ళు ఏమవుతాయని ఎడిటరుగారు పెద్ద ధర్మసందేహం తీశారు. మూడు రోజులు దాని మీదే చర్చ. చివరికి చేపలమ్మేవాళ్ళు కట్టే పద్ధతిలో గోచీ పోసి కట్టించి, భుజాల మీద వల కప్పాను. ఆవిడకి పత్రికలో ఒక పెద్ద సంస్కృతం పేరు పెట్టారు. అది జనానికి నోరు తిరగలేదు, నాకూ ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

మొహం మాత్రం ఊహించి వేసింది కాదు. మా ఇంట్లో చేప లేనిదే ముద్ద దిగదు. హార్బరు నుంచి ఒకావిడ రోజూ గంప తెచ్చేది. అప్పుడప్పుడు ఆవిడ వెంట కూతురు వచ్చేది. నాకన్నా రెండేళ్ళు చిన్న. పొడుగు, గట్టి దవడ, కలిసిపోయిన కనుబొమ్మలు. పదో తరగతి పాసై, టైపు కూడా నేర్చుకుంది. వాళ్ళ వీధిలో ఆడపిల్లల్లో అంతదాకా వచ్చింది తనొక్కతే. వాళ్ళమ్మ గంప దించి మా అమ్మతో బేరమాడుతుంటే ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి మా మాటలు వినేది. నేనేమో తన మొహం చూసి గీసుకునేదాన్ని.

మొదటి సంచిక వచ్చినప్పుడు చూపించాను. చాలాసేపు చూసింది. 'ఇది నానే' అంది. అని, పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని అప్పుడు పట్టుకుంది పుస్తకాన్ని. వాళ్ళింట్లో గోడకి అంటించుకుందట. ఆ ధైర్యంతోనే కాబోలు, మర్నాడు అడిగింది.

'అప్పా, నాకు మీలాగ మాటాడ్డం నేర్పుతావేటి?'

ఎందుకే అంటే చెప్పింది. ఓడల ఏజెంటు కంపెనీ ఒకదానిలో వాళ్ళ మేనమామ ప్యూను. అక్కడ టెలిఫోను దగ్గర కూర్చోడానికి ఒక అమ్మాయిని తీసుకుంటారట. టైపు రావాలి, మాట తేటగా ఉండాలి. వానాకాలం వెళ్ళాక ఇంటర్వ్యూ. వాళ్ళమ్మ ఒకటే మాట చెప్పేసింది. ఉద్యోగం వచ్చిందా సరే, రాలేదా, గంప ఎత్తుకుని తెల్లారకముందే హార్బరుకి రావాలి. 'నాకు సేపల వాసనంటే అసయ్యం కాదప్పా. కుర్సీలో కూకోని ఒక్క పాలి నమస్కారం అనాలని ఉన్నాది' అంది. ఆ పిల్లకి కావలసింది ఆ ఒక్క కుర్చీ, అంతే.

ఒప్పుకున్నాను. నాకు ఆ మొహం కావాలి కదా, రోజూ ఎదురుగా కూర్చుంటే గీసుకోవచ్చు. సాయంత్రాలు పెరటి అరుగు మీద పాఠం. మొట్టమొదట అప్ప కాదు, అక్క అనమన్నాను. వాళ్ళలో పెద్దమ్మాయిని అప్ప అంటారు, అందులో తప్పేముంది? ఏమీ లేదు. నాకు వినడానికి మోటుగా ఉండేది, అంతే. తరవాత నాను కాదు నేను, ఏటి కాదు ఏమిటి, నేదు కాదు లేదు. అవి పది రోజుల్లో పట్టేసింది. అసలు కష్టం చ దగ్గర వచ్చింది. పుట్టినప్పటి నుంచి చేప సేప, చదువు సదువు, చూడు సూడు. చ అని పళ్ళ మీద నొక్కి పలకమని నేను అంటే, పాపం, చెమటలు పట్టేలా నొక్కేది. ఆ నొక్కుడులో చ వచ్చింది. రావడం వచ్చింది గానీ, ఆగలేదు. అసలు స ఉన్నచోట కూడా చ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. సబ్బు చబ్బు అయింది. సోమవారం చోమవారం. సార్ అనబోయి చార్ అనేది. రాయమంటే ఒక్క తప్పు లేకుండా రాసేది. నోటితో అనాల్సి వచ్చేసరికి కంగారు, ఏ స తనదో ఏ స మాదో తేలక.

నేను తన ముందు నవ్వలేదు. అంతవరకు పెద్దమనిషినే. తను వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చేసి చూపించేదాన్ని. అమ్మ గరిటె కింద పెట్టి మరీ నవ్వేది.

ఈలోపు పత్రికలో నా వీరురాలు పడకేసింది. నేను ఆవిడ చేత గ్రాంథికం మాట్లాడించేదాన్ని. ఓరీ దురాత్మా, నీ ఆయువు మూడినది, ఇలాగ. ఎడిటరుగారు తుమ్మి, 'మీ పిల్ల పురాణం చెబుతోందమ్మాయ్. ఒక్క ఉత్తరం రావడం లేదు. ఇంకో రెండు వారాలు చూసి ఆపేస్తా' అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి కాలేజీలో నా పేరు నలుగురికీ తెలుస్తోంది. అది పోనివ్వదలచుకోలేదు.

ఆ వారమే గట్టి వాన. పాఠానికి తడుస్తూ వచ్చింది ఆ పిల్ల. పడవలు లంగరు తెంచుకుంటున్నాయని, వాళ్ళ తమ్ముడు ఇంకా ఒడ్డుకి రాలేదని భయపడుతూ అంది, 'అక్కా, చముద్రం పొంగిపోతోంది. చముద్రం మాదే అనుకుంటాం గానీ, కాదక్కా.' జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో వానో తెలీదు. నేను తువ్వాలు ఇచ్చాను. ఇచ్చి, లోపలికి వెళ్ళి, మరిచిపోకుండా ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. తమ్ముడు ఒడ్డుకి చేరాడా అని మర్నాడు అడగాలని కూడా గుర్తు రాలేదు. చేరాడు, తనే చెప్పింది.

రెండు వారాల తరవాత వచ్చిన సంచికలో విలను ఓడ మీద నిలబడి సముద్రం తనకి రాసివ్వమంటాడు. మా వీరురాలు వాడి మీసం పట్టుకుని అంటుంది, 'చముద్రం నాది. చంతకం పెట్టను.'

అంతే. ఊరు పట్టేసింది. ఉత్తరాలు గంపలకొద్దీ వచ్చాయి. ఎడిటరుగారు మొదటిసారి తుమ్మకుండా మెచ్చుకున్నారు. సంస్కృతం పేరు ఎగిరిపోయింది, జనం 'చముద్రం పిల్ల' అనేశారు. బీచిలో పిల్లలు అలల్లోకి దూకుతూ చముద్రం నాది అని అరిచేవాళ్ళు. కాలేజీలో ఎవరో ఫారం మీద చంతకం అని రాశారట. ఇక ప్రతి సాయంత్రం పాఠం నాకు పంటకోత. తను ఏ తప్పు మాట్లాడుతుందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునేదాన్ని. ఒప్పుగా పలికిన రోజు నాకు నిరాశగా ఉండేది. ఇంకా చెప్పాలంటే, కొన్ని తప్పులు దిద్దకుండా వదిలేశాను. అవి బాగా పండనీ అని.

ఆ పిల్లతో మాత్రం ఆ బొమ్మల కథ ఆపేశారని చెప్పాను. అయ్యో అని చాలా బాధపడింది. 'బావుండేది కదక్కా, నువ్వు బాధపడకు' అని నన్నే ఓదార్చింది. వాళ్ళ వీధిలోకి ఆ పత్రిక పోదు, నాకు తెలుసు. అయినా ఒకరోజు దొరికిపోయాననుకున్నాను. బస్సులో కాలేజీ అబ్బాయిలు చముద్రం, చముద్రం అనుకుంటూ నవ్వుకుంటుంటే విందట.

'అక్కా, నాలాగ ఇంకా ఉన్నారేటి?' అంది.

'ఏటి కాదు, ఏమిటి' అన్నాను.

'ఏమిటి. ఉన్నారా నాలాగ?'

'చాలామంది ఉంటారే, నేర్చుకునేటప్పుడు అందరికీ అవుతుంది' అన్నాను. ఆ పిల్ల మొహం తేటపడింది. తను ఒక్కతే కాదని తెలిసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయిందని మర్నాడు చెప్పింది. నేను కూడా హాయిగానే నిద్రపోయాను, అబద్ధం ఎందుకు.

ఇంటర్వ్యూకి నన్ను తోడు రమ్మంది. నా తెల్ల చీర ఒకటి ఇచ్చాను. వాళ్ళమ్మ ముందురోజు తలకి సాంబ్రాణి పొగ వేసింది, వాసన రాకూడదని. కంపెనీ మేడ మీద సగం తలుపు, దాని పక్కన బెంచీ. లోపలి మాటలన్నీ నాకు వినిపిస్తున్నాయి. టైపు బాగా కొట్టింది. తరవాత ఎవరో పక్కగదిలోకి వెళ్ళి ఫోన్ చేశారు. ఎత్తింది. 'నమస్కారం, ఏ నంబరు కావాలండీ?' అంది. గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినంత తేటగా ఉంది. నా ఒళ్ళు పులకరించింది, నిజంగా. ఆ క్షణంలో నేను దానికి గురువుని. పెద్దాయన గొంతు, 'బావుందమ్మా, చాలా బావుంది' అనడం విన్నాను. కాగితాలు సర్దుతున్న చప్పుడు. పని అయిపోయిందనుకున్నాను. తనూ అదే అనుకుని ఉంటుంది, బిగబట్టిన ఊపిరి వదిలేసి ఉంటుంది.

'మీ ఇల్లెక్కడమ్మా?' అన్నాడాయన, ఊరికే.

'చముద్రం పక్కనే, చార్.'

తరవాత ఒక గొంతు, కుర్రగొంతు, 'చముద్రం నాది' అంది. గది గదంతా ఘొల్లుమంది. సొరుగు లాగి పత్రిక పేజీలు తిప్పిన చప్పుడు. 'అరే, ఇదిగో చూడండి సార్, మొహం కూడా అచ్చం' అన్నారెవరో. పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, 'ఏదీ, ఒక్కసారి అనమ్మా, చంతకం పెట్టను అని' అన్నాడు. అది కూడా పరీక్షేననుకుంది ఆ పిచ్చిది. శ్రద్ధగా, ఒక్కొక్క అక్షరం నొక్కి, అంది. మళ్ళీ నవ్వారు. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మ నవ్వే నవ్వే అది. నేను అప్పుడు లేచి లోపలికి వెళ్ళొచ్చు. ఆ మాటలు రాసింది నేనండీ, ఈ అమ్మాయికి ఏమీ తెలీదు అని చెప్పొచ్చు. చెప్పులో కాలు కూడా దూర్చాను. లేవలేదు.

'అన్నీ బావున్నాయి గానీ తల్లీ, ఓడ కెప్టెన్లు ఫోన్ చేసినప్పుడు నువ్వు ఇలా అన్నావంటే మా పరువేం కావాలి?' అన్నాడు పెద్దాయన, చాలా మర్యాదగా. ఆ పత్రిక బహుమానంగా ఇచ్చి పంపించారు.

బస్టాపులో నిలబడి నాలుగు పేజీలూ చదివింది. చదవడం బాగా వచ్చు తనకి. ఒక బొమ్మలో వీరురాలు 'చబ్బు లేకపోతే చముద్రంలో కడుక్కో' అంటుంది విలనుతో. అది తనొక రోజు గంప తెచ్చినప్పుడు మా అమ్మతో అన్న మాట. వేలు పెట్టి చదివింది. నేను ఏదో మొదలుపెట్టాను, ఎడిటరుగారు బలవంతం చేశారని, నీకు చెబుదామనే అనుకున్నానని. వినలేదు.

'ఆపేసినారని సెప్పినావు కదా' అంది. అప్పా అనలేదు, అక్కా అనలేదు.

బస్సు వచ్చింది. ఎక్కింది. పై వారం వాళ్ళమ్మ నా తెల్ల చీర ఉతికి, మడత పెట్టి, చేపల గంప మీద కాకుండా విడిగా చేత్తో పట్టుకుని తెచ్చి ఇచ్చింది. ఆ తరవాత మా వీధికి రావడం మానేసింది. మాకు చేపలు వేరే ఆవిడ తెచ్చేది.

ఇక్కడితో నేను బొమ్మలు మానేసి ఉంటే ఈ కథకి కొంచెం పరువు ఉండేది. మానలేదు. చముద్రం పిల్ల ఇంకా చాలా ఏళ్ళు బతికింది. స్టీలు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో కరిగిన ఇనుములోంచి పుట్టిన రాక్షసుడితో పోరాడింది. దువ్వాడ దగ్గర పట్టాలు తప్పబోయిన రైలుని భుజంతో ఆపింది. ఎడిటరుగారు ఒక పోలీసు అధికారికిచ్చి పెళ్ళి చేయబోతే పాఠకులు తిట్టిపోశారు. నాకు పెళ్ళైంది, పిల్లలు పుట్టారు, ఆవిడకి మాత్రం ఇరవై ఏళ్ళు దాటలేదు.

కాని నోరు ఎండిపోయింది ఆవిడకి. ఆ పిల్ల వెళ్ళిపోయాక నేను తప్పులు సొంతంగా తయారుచేయాల్సి వచ్చింది. ఎక్కడ పడితే అక్కడ చ పెట్టేదాన్ని. శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు, 'అమ్మా, మావాళ్ళు ఎవరూ ఇలా అనరు, మీరు అనిపిస్తున్నారు' అని. ఒక్కొక్కటిగా ఉత్తరాలు ఆగిపోయాయి. అప్పటికి ఎడిటరుగారికి చూపు తగ్గింది, నశ్యం తగ్గలేదు. 'ఆ మొదటి పిల్ల ఎవరో నీకు తెలుసనుకుంటాను. వెళ్ళి నాలుగు రోజులు పక్కన కూర్చో' అన్నారు.

క్షమాపణ అడగడానికి వెళుతున్నానని మా ఆయనతో చెప్పాను. నాతో నేనూ అదే చెప్పుకున్నాను. అది అబద్ధమేమీ కాదు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల గుర్తొచ్చి ఎన్నోసార్లు ఏడ్చాను. కాని చేతిసంచిలో చిన్న పుస్తకమూ, పెన్సిలూ ఉన్నాయి.

హార్బరుకి నేను వెళ్ళేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఐసు నీళ్ళు, చేప రక్తం, బురద. చీర ఎత్తి పట్టుకుని నడిచాను. వేలం పాట జరుగుతోంది. బోర్లించిన తొట్టె మీద నిలబడి పాట నడిపిస్తున్నది తనే. గొంతు పడవల చివరిదాకా వినిపిస్తోంది. చుట్టూ మగాళ్ళు, ఐసు బళ్ళవాళ్ళు, పెద్ద పెద్ద వ్యాపారులు. తను 'సూడండి, సూసి సెప్పండి' అంటే అందరూ నోరు మూసుకుని చూస్తున్నారు. ఒక్క చ లేదు. ఒక్క తడబాటు లేదు. దవడ ఇంకా గట్టిపడింది. నేను వేసిన ఏ బొమ్మలోనూ ఆ నిలబడ్డం తేలేకపోయాను.

పాట అయ్యాక దిగింది. నన్ను చూసింది. గుర్తు పట్టిందని తెలిసింది, ఎందుకంటే ఆశ్చర్యపోలేదు. పక్కన వల బాగుచేస్తున్న ఆడవాళ్ళతో 'నాకు మాటలు నేర్పిన మేడంగోరు' అంది. ఒకావిడ లేచి తొట్టె శుభ్రం చేసి నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు. దారంతా అనుకున్న మాటలు వరసగా చెప్పాను. తప్పు నాదని, చిన్నతనమని, ఆ రోజు లోపలికి రావాల్సిందని, రాలేకపోయానని. ఏడుపు వచ్చింది, దొంగ ఏడుపు కాదు. తను చేతులు తుడుచుకుంటూ మొత్తం వింది. నా మొహం చూసింది. తరవాత నా చేతిసంచి చూసింది.

'అయితే ఏటి మేడంగోరూ, మాటలు అయిపోనాయేటి?' అంది.

కోపంగా అనలేదు. బేరం తెగ్గొట్టేవాళ్ళు అనేంత మామూలుగా అంది. అని, రెండో పడవ వచ్చిందని ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

నేను బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. జగదాంబ సెంటరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. అక్కడ బస్సు ఆగినప్పుడు కళ్ళు తుడుచుకుని, పుస్తకం తీసి, మరిచిపోకముందే ఆ మాట రాసుకున్నాను. వచ్చే వారం సంచికలో చముద్రం పిల్ల, ఓడిపోయి కాళ్ళ మీద పడిన విలనుని చూసి అదే అంది. చాలా కాలం తరవాత మళ్ళీ ఉత్తరాలు వచ్చాయి. శ్రీకాకుళం పాఠకుడు కూడా రాశాడు, ఇప్పుడు అచ్చం మావాళ్ళలా ఉందమ్మా అని.